నేల టిక్కెట్టు కౌంటరు

2025 జూలై చివర్లో ఒక సాయంత్రం నా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. బొల్లాపల్లి మండలంలో ఒక తండా పిల్ల. ఐదో తరగతి దాకా నా దగ్గరే చదివింది. ఇప్పుడు నరసరావుపేటలో డిగ్రీ.

"సార్, ఇంటర్న్‌షిప్ దొరికింది. విశాఖపట్నంలో కబడ్డీ మ్యాచ్‌లకి టిక్కెట్ల పని చూసే కంపెనీ అంట. నెలన్నర. చేయమంటారా?"

"మీ నాయన ఏమన్నాడు?"

"డిగ్రీ చదివి సినిమా హాలు ముందు బ్లాకు టిక్కెట్లు అమ్ముకున్నట్టుంటది అన్నాడు సార్."

నాకు నవ్వొచ్చింది. ఆ అమ్మాయి కూడా నవ్వింది గానీ, నా మాట కోసం ఆగింది. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. పట్నంలో బంధువులు, ఆఫీసుల్లో తెలిసినవాళ్ళు ఉన్న పిల్లలకి అది పెద్ద కష్టం కాదు. తండా పిల్లకి ఎవరున్నారు? దొరికిందే గొప్ప. అయినా వెంటనే "వెళ్ళమ్మా" అనలేకపోయాను. "రేపు చెబుతాలే" అని ఫోన్ పెట్టేశాను.

ఎందుకంటే నేనూ టిక్కెట్లు అమ్మినవాణ్ణే. 1998లో, మూడు రాత్రులు. అదీ కబడ్డీకే. ఆ సంగతి మా ఇంటావిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మాది ఎరుకల కుటుంబం. నరసరావుపేట పక్కనే కాలనీ. నాయన ఈత బరిగెలతో గంపలు, తట్టలు అల్లేవాడు. అమ్మ వాటిని నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకొచ్చేది. గంపలు పోని రోజున సోది చెప్పేది. ఆ వేసవిలో నేను ఇంటర్ పరీక్షలు రాసి, టీచరు ట్రైనింగుకి ప్రవేశ పరీక్ష రాయాలనుకుంటూ ఖాళీగా తిరుగుతున్నాను. కబడ్డీ బాగానే ఆడేవాణ్ణి, కార్నర్‌లో. చీలమండ పట్టుకుంటే వదిలేవాణ్ణి కాదు. కానీ ఊరి పెద్ద జట్టులో నాకు చోటు దొరకలేదు. దానికి నా ఆటే కారణమా ఇంకేమన్నా ఉందా అన్నది ఇప్పుడు తవ్వుకోను.

ఊరి జట్టు దగ్గర డబ్బుల్లేవు. బయట ఊళ్ళకి ఆడటానికి పోవాలంటే బస్సు ఛార్జీలు, బూట్లు, నిక్కర్లు, భోజనాలు. అందుకని కమిటీ వాళ్ళు మూడు రాత్రుల టోర్నమెంటు పెట్టి, టిక్కెట్టు పెట్టారు. మా డ్రిల్లు మాస్టారు నన్ను పిలిచి, "జట్టులో ఎటూ చోటు లేదు గదరా, టిక్కెట్ల కాడ కుర్రాళ్ళు కావాలంట. రోజుకు ముప్పై రూపాయలు, రాత్రి భోజనం. పని తెలుస్తది, పో" అన్నాడు. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ అంటున్నామే, అప్పుడు దాని పేరు "పని తెలుస్తది, పో" అనే.

మా పల్నాట్లో ఆట చూడటానికి డబ్బులివ్వడం అలవాటు లేదు. తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసి ఉంటారు. మొదటి బహుమతి ఫలానా వారు, రెండో బహుమతి ఫలానా వారి తండ్రిగారి జ్ఞాపకార్థం అని మైకులో చెవులు చిల్లులు పడేలా చెబుతారు. జనం ఉత్తినే చూస్తారు. డబ్బులు పెట్టేది దాతలు. అందుకని కుర్చీలు వాళ్ళవి, నీడ వాళ్ళది, గెలిచిన ఎడ్ల పక్కన ఫోటో వాళ్ళది. మేం కట్ట మీదో చెట్టు కొమ్మ మీదో. తప్పు పట్టడం కాదు, ఆ దాతలు లేకపోతే ఆ పోటీలే ఉండవు. కానీ ఆటకి టిక్కెట్టు పెట్టగానే లెక్క మారుతుంది. ఐదు రూపాయలిచ్చి లోపలికొచ్చిన కూలోడు పక్కవాణ్ణి "నేనూ డబ్బులిచ్చే వచ్చా, కాస్త జరుగు" అనగలడు. ఈ మాట నేను మొదటి రాత్రే నా చెవులతో విన్నాను. అన్నవాడు సున్నపు బట్టీలో పనిచేసేవాడు, చేతులు తెల్లగా పగిలి ఉన్నాయి.

మైదానం చుట్టూ పరదాలు కట్టారు. లోపల సర్వి కర్రలతో గ్యాలరీ. టిక్కెట్లు మూడు రకాలు, సినిమా హాలు లెక్కనే. నేల ఐదు రూపాయలు, పసుప్పచ్చ కాగితం. గ్యాలరీ పది, గులాబి. కుర్చీ ఇరవై ఐదు, తెలుపు. నన్ను నేల టిక్కెట్ల దగ్గర కూర్చోబెట్టారు. రేకుల షెడ్డుకి చిన్న కంత, లోపల ఒక బల్ల, ఒక రేకు డబ్బా, టిక్కెట్ల పుస్తకాలు, ఒక బల్బు. బల్బు చుట్టూ పురుగులు.

టిక్కెట్ల మీద అజమాయిషీకి ఒక ముసలాయనని పెట్టారు. సినిమా హాల్లో ముప్పై ఏళ్ళు బుకింగ్ క్లర్కుగా చేసి దిగిపోయినాయన. అందరూ బుకింగ్ బాబాయ్ అనేవాళ్ళు. చూపు మందగించింది గానీ నోటు వేళ్ళ మధ్య రుద్ది ఎంతదో చెప్పేవాడు. ఆ మూడు రోజుల్లో ఆయన దగ్గర నేర్చుకున్నది తర్వాత రెండేళ్ళ ట్రైనింగులో కూడా నాకు ఎవరూ నేర్పలేదు. (ట్రైనింగుని తక్కువ చేయడం లేదు. బోయపాలెం డైట్‌లో పాఠం చెప్పడం నేర్పారు, అది వేరు.)

మొదటి సంగతి. జనం మీద పడుతుంటారు, కంతలోంచి పది చేతులు వస్తాయి. "ఒక చెయ్యే నీకు కనపడాలి" అనేవాడు. నోటు తీసుకుని ఎంతదో పైకి చెప్పాలి. "ఇరవై ఇచ్చావ్, రెండు టిక్కెట్లు, పది వాపసు." చిల్లర ఇచ్చేదాకా ఆ నోటు డబ్బాలో వేయకూడదు, బల్ల మీదే రాయి కింద ఉండాలి. లేకపోతే "నేనిచ్చింది యాభై" అంటాడు, నీ దగ్గర జవాబుండదు.

రెండోది నంబర్లు. ఆట మొదలవకముందే చిత్తు పుస్తకంలో తేదీ వేసి, చేతిలో ఉన్న మొదటి టిక్కెట్టు నంబరు రాయాలి. కౌంటరు మూసేటప్పుడు ఆఖరున అమ్మిన టిక్కెట్టు నంబరు కాదు, ఇంకా అమ్మని మొదటి టిక్కెట్టు నంబరు రాయాలి. "చివర అమ్మినదాని నంబరు రాస్తే తీసివేతలో ఒకటి తప్పుద్ది. రోజుకొకటి, నెలకి ముప్పై. హాలు ఓనరు ముప్పై టిక్కెట్ల డబ్బులు నీ జీతంలో కోస్తాడు" అన్నాడు. ఆయనకి ఎప్పుడో కోసినట్టే ఉన్నారు.

మూడోది, పాసులకి వేరే పేజీ. ఎవరికిచ్చాం, ఎన్ని, ఎవరు ఇమ్మన్నారు. సంతకం. "డబ్బులిచ్చినోడి పేరు మనకి అక్కర్లా. ఇవ్వనోడి పేరే రాసుకోవాల."

నాలుగోది ఆయన చాలా మామూలుగా చెప్పాడు. "నీ డబ్బా నువ్వే లెక్కపెట్టు. ఏ నోట్లు ఎన్నో చీటీ రాయి. నా చేత సంతకం పెట్టించుకో. అప్పుడు డబ్బా అప్పగించు. చీటీ నీ దగ్గరొకటి ఉంచుకో." నాకు అది అతి జాగ్రత్త అనిపించింది. ఆయన నన్ను చూసే ఆ మాట చెప్పాడా, అందరికీ చెబుతాడా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.

పగలు వేరే పని. ఆటోకి మైకు కట్టి తిరుగుతూ ముందుగానే టిక్కెట్లు అమ్మాలి. మొదటి రోజు మిర్చి కొట్ల దగ్గర, జిన్నింగు మిల్లు దగ్గర నోరు పెగల్లేదు. టిక్కెట్ల పుస్తకం చూపిస్తూ నిలబడ్డాను, ఎవరూ కొనలేదు. సాయంత్రం ఇంటికొచ్చి అమ్మతో అంటే, "గంప దూరాన్నుంచి చూపిస్తే ఎవరు కొంటారు రా, చేతికియ్యాల" అంది. అమ్మ అమ్మే తీరు నాకు తెలుసు. గంప ఆవిడ చేతిలో పెట్టి, అడుగున తట్టమని చెప్పి, పక్కింటామె గురించి మాట్లాడుతుంది. ధర మాట రాదు. ఈలోగా ఆ గంప అవతలామెదైపోతుంది. మర్నాడు నేనూ అదే చేశాను. టిక్కెట్టు చేతిలో పెట్టి, "మాచర్ల నుంచి వచ్చే జట్టులో రైడరు ఉన్నాడన్నా, మనోళ్ళు పట్టుకుంటారో లేదో మీరే చూడాల" అన్నాను. ఆ ఒక్క పూటే నూటిరవై పోయినయ్.

అప్పుడే ఇంకోటి చూశాను. కూలోళ్ళు, హమాలీలు, ఆటోవాళ్ళు ఐదు రూపాయలు తీసిచ్చేవాళ్ళు. కొట్టులో గల్లాపెట్టె ముందు కూర్చున్నవాళ్ళు "మాకు పాసు పంపమని చెప్పు" అనేవాళ్ళు. పేరున్న ప్రతివాడికీ పాసు కావాలి. డబ్బుల్లేక కాదు. డబ్బులిచ్చి చూస్తే గౌరవం తక్కువ. పల్నాటి యుద్ధం కోడిపందెంతో మొదలైందని చెప్పుకునే నేల మాది. ఇక్కడ పందెం ఓడితే ఒప్పుకుంటారు గానీ, టిక్కెట్టు కొనుక్కుని వచ్చారంటే ఒప్పుకోరు.

మూడో రాత్రి ఫైనలు. మైదానం నిండింది. నా పుస్తకంలో మొదటి నంబరు 4301. కౌంటరు మూసేసరికి అమ్మని మొదటి నంబరు 4913. అంటే 612 టిక్కెట్లు, 3,060 రూపాయలు. చీటీ రాశాను. యాభైలు 12, ఇరవైలు 38, పదులు 104, ఐదులు 92, చిల్లర 200. బాబాయ్ సంతకం పెట్టాడు. డబ్బా తీసుకెళ్ళి కమిటీ గదిలో ఇచ్చాను. ఆట ఆఖరు పది నిమిషాలు చూడగలిగాను. మా ఊరి జట్టు ఓడిపోయింది.

భోజనాలప్పుడు నన్ను పిలిచారు. గదిలో నేల మీద దుప్పటి పరిచి మూడు డబ్బాలూ ఒక్కచోటే కుమ్మరించి లెక్కపెట్టారు. టిక్కెట్ల ప్రకారం 8,210 రావాలి, 7,860 ఉంది. మూడొందల యాభై తక్కువ. ఒకాయన నన్ను చూసి, నాతో కాదు పక్కవాడితో, "డబ్బా కాడ ఎరుకలోళ్ళ పిల్లోణ్ణి కూర్చోబెడితే ఇంకేమవుద్ది" అన్నాడు.

నేను ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది ఆ మాట కాదు. అలాంటి మాటలు మన పిల్లలు చాలా వింటారు, చెప్పుకుంటారు కూడా. నేను చెప్పనిది ఆ తర్వాత నేను చేసింది. "చూపించు" అని ఎవరూ అనలేదు. నా దగ్గరికి ఎవరూ రాలేదు. నేనే నా నిక్కరు జేబులు రెండూ బయటికి లాగి, తిరగేసి, చొక్కా ఎత్తి నిలబడ్డాను. జేబులోంచి ఒక వేరుశనగ గింజ కింద పడింది. దాన్ని అందరూ చూశారు.

ఎందుకు చేశాను? నాకెవరూ నేర్పలేదు. కానీ మా తాత గురించి నాయన చెప్పేవాడు. 1871లో తెల్లదొరలు నేరస్త జాతుల చట్టం చేశారు. తర్వాత 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీలోకి గట్టిగా వచ్చింది. ఎరుకల వాళ్ళు ఆ జాబితాలో ఉన్నారు. దొంగతనం చేస్తే దొంగ కాదు, పుడితేనే దొంగ. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు అలా పుట్టిందే. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన దొర పేరు మీద, సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ చేతికిచ్చి నడిపారు. సెటిల్‌మెంటులో లేనివాళ్ళకి కూడా రిజిస్టర్లో పేరుండేది. మా తాత రాత్రిళ్ళు పిలిచినప్పుడు పోయి నేనిక్కడే ఉన్నానని హాజరు చెప్పుకోవాలి. ఊళ్ళో ఎక్కడ ఏం పోయినా ఆయన ముందే లేచి, పిలవకముందే పోయి, పంచె దులిపి చూపించేవాడట. పిలిచేదాకా ఆగితే దెబ్బలు పడతాయి, ముందే పోతే తిట్లతో పోద్ది అని. ఆ చట్టం దేశమంతా రద్దయింది 1952 ఆగస్టు 31న. నేను పుట్టేనాటికి అది పోయి పాతికేళ్ళు దాటింది. నా చేతులకి మాత్రం ఆ కబురు అందినట్టు లేదు.

బుకింగ్ బాబాయ్ చెయ్యి కడుక్కుని వచ్చాడు. నన్ను ఆ అవతారంలో చూసి, "జేబులు లోపలికి పెట్టుకోరా అబ్బాయ్" అన్నాడు. అంతే. కోపం లేదు, జాలి లేదు. తర్వాత చిత్తు పుస్తకం అడిగాడు. నేల 612, చీటీ 3,060, ఇదిగో సంతకం. గ్యాలరీ 280, అక్కడ కూర్చున్న కుర్రాడి చీటీ 2,800. కుర్చీల పుస్తకం 601 నుంచి మొదలు, అమ్మని మొదటిది 695. తొంభై నాలుగు టిక్కెట్లు, 2,350 ఉండాలి. కుర్చీల దగ్గర చీటీ లేదు. అక్కడ కూర్చున్నది కమిటీవాళ్ళ మనిషి, ఆయన్ని చీటీ ఎవరడుగుతారు? బాబాయ్ కౌంటర్‌ఫాయిళ్ళు ఒక్కొక్కటే తిప్పాడు. 641 నుంచి 654 దాకా పద్నాలుగు టిక్కెట్లు ఒక్కసారిగా చింపినట్టున్నాయి, అంచు వంకరగా. పాసుల పేజీలో లేవు. పద్నాలుగు ఇరవై ఐదులు మూడొందల యాభై.

"ముందు వరసలో పద్నాలుగు మంది ఒకే ఇంటోళ్ళు కూర్చున్నారు. వాళ్ళనడగండి" అన్నాడు.

ఎవరూ అడగలేదు. ఎవరూ నాతో తప్పయింది అనలేదు. "సరేలే, సరేలే, అన్నం తినండి" అన్నారు. ఆ రాత్రి ముప్పై రూపాయలు నాకివ్వలేదు, నేనడగలేదు. ఇంటికి నడుస్తుంటే గెలిచాననిపించలేదు. లెక్క సరిపోయింది. జేబులు మాత్రం నేనే తీశాను గదా. చీటీ మాత్రం దాచుకున్నాను. ఇప్పుడది నా సర్వీసు రిజిస్టరు జిరాక్సు కాగితాల మధ్య ఉంది.

ఇదంతా తలుచుకుంటూ ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున్నే అమ్మాయికి ఫోన్ చేసి, "వెళ్ళమ్మా. కానీ రోజూ చేసింది ఒక నోటు పుస్తకంలో రాసుకో" అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు.

ప్రో కబడ్డీ 2014 జూలై 26న మొదలైంది. ఎనిమిది జట్లలో మన తెలుగు టైటాన్స్ ఒకటి, విశాఖ మొదటి నుంచీ వాళ్ళ ఊరు. తర్వాత మ్యాచ్‌లు హైదరాబాద్ వెళ్ళిపోయాయి. మళ్ళీ 2025 ఆగస్టు 29న పన్నెండో సీజను విశాఖలోనే మొదలుపెట్టారు, విశ్వనాథ్ స్పోర్ట్స్ క్లబ్‌లో, మొదటి ఆట టైటాన్స్‌కీ తమిళ్ తలైవాస్‌కీ. 2023లో పవన్ సెహ్రావత్ అనే ఒక్క ఆటగాడికే టైటాన్స్ రెండు కోట్ల అరవై లక్షలు పెట్టారు. ఇంత డబ్బు నేల టిక్కెట్లతో రాదు. టీవీ వాళ్ళు, ప్రకటనల వాళ్ళు ఇస్తారు. అయినా టిక్కెట్టు అమ్మాలి, ఎందుకంటే ఖాళీ కుర్చీల ముందు ఆడితే టీవీలో చూసేవాడికే విసుగు. అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. అమెరికాలో చిన్న ఊళ్ళలో ఆడే మైనర్ లీగ్ బేస్‌బాల్ జట్లు ఉన్నాయి, 2021 నుంచి 120. ఆటగాళ్ళ జీతాలు పై పెద్ద జట్టు ఇస్తుంది. మిగతా ఖర్చు చాలావరకు ఊరి జట్టే చూసుకోవాలి. వాళ్ళకి పెద్ద టీవీ డబ్బు రాదు. టిక్కెట్లు, తినుబండారాలు, ఊళ్ళోవాళ్ళ ప్రకటనలు. కాలేజీ పిల్లల్ని ఇంటర్న్‌లుగా పెట్టుకుని ఫోన్ల మీద టిక్కెట్లు అమ్మిస్తారట. వింటుంటే మా ఊరి జట్టే గుర్తొచ్చింది. బస్సు ఛార్జీలు ఎక్కడైనా బస్సు ఛార్జీలే.

అమ్మాయికిచ్చిన పని కూడా ఫోన్లే. కాలేజీలు, ఆఫీసులు, అపార్టుమెంట్ల సంఘాలు, ఇలా ఒక జాబితా. గుంపుగా తీసుకుంటే ధర తగ్గుతుందని చెప్పి ఒప్పించాలి. రోజుకు ఎనభై ఫోన్లు. మొదటి వారం ఒక్కటీ తెగలేదు. రెండో వారం రాత్రి పది దాటాక ఫోన్ చేసింది.

"సార్, మా సూపర్‌వైజర్ గారు ఫోన్లో నా పేరు ప్రియ అని చెప్పమంటున్నారు. బాయి అని వినగానే అవతలివాళ్ళు తగ్గిపోతున్నారంట."

నా చేతులు జేబుల దగ్గరికి పోయాయంటే నమ్ముతారో లేదో. "నీకేమనిపిస్తుంది" అని అడిగాను.

"టార్గెట్ ఉంది గదా సార్."

వద్దని చెప్పే హక్కు నాకెక్కడిది? రోజులు గడవాలి, సర్టిఫికెట్ కావాలి. "నీ ఇష్టం అమ్మా" అన్నాను. ఉపాధ్యాయుడిగా అంత పిరికి మాట నేను అరుదుగా చెప్పి ఉంటాను.

ప్రియ పేరుతో ఫోన్లు నిజంగానే కాస్త ఎక్కువసేపు సాగాయట. అది అబద్ధం చెప్పను. నాలుగు రోజులు ప్రియగా ఉంది. ఐదో రోజు ఒక కాలేజీ ప్రిన్సిపాల్ గారు నలభై టిక్కెట్లు తీసుకోవడానికి స్వయంగా వచ్చి కౌంటర్లో "ప్రియ గారెక్కడ" అని అడిగారు. ఈ పిల్ల పక్కనే కూర్చుని కంప్యూటర్లో ఏదో చూసుకుంటోంది. పలకలేదు. ఆయన మూడుసార్లు పిలిచి, ప్రియ ఈరోజు రాలేదేమో అనుకుని వెళ్ళిపోయారు. అప్పుడు స్పృహ వచ్చి గేటు దాకా పరిగెత్తింది. "సార్ సార్, నేనే ప్రియని, అసలు పేరు అది కాదు" అని గసపోసుకుంటూ పూర్తి పేరు చెప్పింది, బాయితో సహా. ఆయన ఒక్క నిమిషం బిత్తరపోయి, "మరి ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నారట. నలభైకి నలభై తీసుకున్నారు.

"ఇంక నా పేరే చెబుతున్నా సార్. ప్రియ అని పిలిస్తే పలకడం నాకు రావట్లా" అంది. పెద్ద తీర్మానం చేసినట్టు కాదు, పని కుదరడం లేదన్నట్టు చెప్పింది. సూపర్‌వైజర్ ఏమన్నాడంటే, "సరే, నంబరు వస్తే చాలు" అన్నాడట. వచ్చిందా? ఇచ్చిన టార్గెట్‌కి కొంచెం తక్కువే వచ్చింది. సర్టిఫికెట్ ఇచ్చారు.

మ్యాచ్‌లు మొదలైన తర్వాత వచ్చిన మొదటి ఆదివారానికి నేను విశాఖ వెళ్ళాను. బస్సులో విజయవాడ, అక్కణ్ణుంచి రైలు. అమ్మాయి "కాంప్లిమెంటరీ తెస్తాను సార్" అంటే వద్దన్నాను. కొంచెం మొండిగానే అన్నాను. కౌంటర్లో అన్నిటికంటే తక్కువ ధర టిక్కెట్టు కొనుక్కున్నాను. కాగితం లేదు, చింపడం లేదు. ఫోన్లో నల్ల చుక్కల గడి వచ్చింది, గేటు దగ్గర దాన్ని యంత్రానికి చూపిస్తే పచ్చ దీపం వెలిగింది. పక్కనున్న పెద్దాయన ఫోన్ చార్జింగు అయిపోయి దీపం వెలగక అరగంట తంటాలు పడ్డాడు. పసుప్పచ్చ కాగితానికి ఆ బాధ లేదు.

ఆట అయ్యాక తన పని చూపించింది. అమ్మినవి ఎన్ని, గేటు దగ్గర లోపలికి వచ్చినవి ఎన్ని, కొని రానివాళ్ళు ఎందరు, అంతా ఒక పట్టీలో ఉంది. "పాసులో?" అన్నాను. కింద వేరే పట్టీ తెరిచింది. ప్రతి పాసుకి ఒక కోడ్, ఎవరికిచ్చారు, ఎవరు ఇమ్మన్నారు. బుకింగ్ బాబాయ్ వేరే పేజీ అది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ పిల్ల పక్కన నిలబడి ఆ పట్టీని ఎంతసేపు చూశానో, "ఏంటి సార్, ఎవరిదన్నా పేరు వెతుకుతున్నారా" అని అడిగింది. పద్నాలుగు టిక్కెట్ల కథ అప్పుడు చెప్పాను. జేబుల సంగతి కూడా. విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ ముప్పై రూపాయలు అడగాల్సింది సార్" అంది.

ఇప్పుడు మా బడిలో ఐదో తరగతి వాళ్ళకి తీసివేతలు చెప్పేటప్పుడు టిక్కెట్ల లెక్క ఇస్తున్నాను. బోర్డు మీద రెండు నంబర్లు. మొదట అమ్మిన టిక్కెట్టు 4301, ఆఖరున అమ్మిన టిక్కెట్టు 4912. మొత్తం ఎన్ని అమ్మారు? ప్రతి ఏడూ సగం మంది 611 అంటారు. నేను తప్పని చెప్పను. ముందు చిన్న చీటీలు పంచుతాను, 1 నుంచి 5 దాకా, ఐదు తీసి ఒకటి తీసివేయమంటాను. నాలుగొస్తుంది, చేతిలో చూస్తే ఐదుంటాయి. అక్కణ్ణుంచి గోల మొదలవుతుంది. మొన్న ఒక చెంచు పిల్లాడు బల్లెక్కి, "సార్, లెక్క సరిగ్గానే ఉంది, మీరు నంబరు తప్పు రాశారు, ఆఖరుది కాదు తర్వాతది రాయాల" అన్నాడు. మిగతావాళ్ళు వాణ్ణి దింపడానికి లాగుతున్నారు. వాడు దిగడం లేదు.